‘బానే ఉన్నా’ అంటే ఏమిటండీ?

(పిల్లల్ని కాలేజీకి పంపుతున్న తల్లిదండ్రుల సమావేశంలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ముందు ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను.

ఒక మధ్యాహ్నం నా గదిలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. కాలేజీలో చేరి నెలన్నర అయింది. అప్పటికి అరగంట నుంచీ ఏడుస్తోంది, మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయేంతగా. ఇంతలో ఒళ్ళో ఉన్న ఫోను మోగింది. చూసింది. కళ్ళు తుడుచుకుంది. రెండుసార్లు గొంతు సవరించుకుంది. ఒక్క నిమిషం అన్నట్టు నాకు వేలు చూపించి ఫోనెత్తింది. ‘ఆ, చెప్పమ్మా... తిన్నాను... ఆ, బానే ఉన్నా... క్లాసుంది, మళ్ళీ చేస్తా.’ ఇరవై సెకన్లు. గొంతులో చిన్న జీర కూడా లేదండీ. ఫోను పెట్టేసి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది.

అవతల ఆ తల్లి ఏమనుకుని ఉంటుంది? హమ్మయ్య అనుకుని ఉంటుంది. మాట్లాడాను, బానే ఉంది అని ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంటుంది. ఆవిడ రోజూ ఫోను చేసే తల్లే. ప్రేమ లేని తల్లి కాదు. మరి ఆ పిల్ల నా ముందు ఏడ్చి, అమ్మ దగ్గర ఎందుకు నటించింది? ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన భాషలో చూడండి, ‘బాగున్నా’ వేరు, ‘బానే ఉన్నా’ వేరు. ఆ ‘నే’ ఉంది చూశారూ, కథంతా అందులోనే ఉంది. ఇంకేదో ఉంది, దాన్ని మాత్రం అడక్కు అని ఆ ‘నే’కి అర్థం. మనమూ అంటాం కదా. ఆరోగ్యం ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే, మోకాళ్ళు పీకేస్తున్నా సరే, ‘ఆ, బానే ఉంది’ అంటాం. ఈ విద్య పిల్లలకి ఎవరు నేర్పినట్టు? నవ్వకండి. మావాడికి నేనూ నేర్పాను.

సరే, విషయంలోకి వద్దాం. చాలామంది తల్లిదండ్రులు నన్నడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఇంట్లో ఉన్నన్నాళ్ళూ శుభ్రంగా ఉన్నాడండీ, కాలేజీకి వెళ్ళాకే ఇలా అయ్యాడు. ఆ కాలేజీలో ఏం జరిగింది?’ నిజంగా ఏదో జరిగి ఉండొచ్చు, కాదనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున జరిగిన మానసిక ఆరోగ్య సర్వేల్లోంచి 21 దేశాల కాలేజీ విద్యార్థుల వివరాలు తీసి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాని ప్రకారం, సుమారుగా ప్రతి అయిదుగురిలో ఒకరికి ఆ ఏడాదిలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. డిప్రెషన్ కావొచ్చు, యాంగ్జైటీ కావొచ్చు, మద్యం, మత్తుపదార్థాల అలవాటు కావొచ్చు. ఇక్కడిదాకా మీరు ఊహించే ఉంటారు. అసలు సంగతి ఇది: అలా సమస్య ఉన్నవాళ్ళలో నూటికి 83 మందికి అది కాలేజీలో అడుగుపెట్టకముందే మొదలైంది. మళ్ళీ చెబుతాను. కాలేజీకి ముందే. మన ఇంట్లో ఉండగానే. మన పక్క గదిలోనే.

అదే అధ్యయనంలో ఇంకో అంకె. సమస్య ఉన్నవాళ్ళలో ఏదో ఒక చికిత్స అందింది నూటికి 16 మందికే. మిగతావాళ్ళు ఏం చేశారు? ‘బానే ఉన్నా’ అన్నారు.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు ఇది చెబుతున్నది. పెట్టె సర్దేటప్పుడు బట్టలు, పుస్తకాలు, ఛార్జరు అన్నీ లెక్కపెట్టుకుంటాం కదా. లోపల మోసుకెళ్ళే బరువు ఏదైనా ఉందేమో కూడా అప్పుడే ఒకసారి అడగండి. ఇంటర్ రెండేళ్ళలో నిద్ర చెడిందా? పరీక్షల ముందు వాంతులు చేసుకునేదా? ఒకప్పుడు ఇష్టంగా చేసే పని మానేశాడా? ‘అదంతా పరీక్షల టెన్షన్, కాలేజీకి వెళితే అదే పోతుంది’ అని మనం దాటేసిన సంగతులే ఇవన్నీ. చోటు మారితే కొన్ని పోతాయి. కొన్ని మాత్రం తోడుగా వస్తాయి.

ఇప్పటికే మందులు వాడుతున్న పిల్లలుంటే రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. కొత్త చోట ఏ డాక్టరుకి చూపించుకోవాలో, మందు అయిపోతే ఎక్కడ దొరుకుతుందో వెళ్ళకముందే తేల్చుకోండి. కొత్త జీవితం కదా, ఇక మందులెందుకు అని పిల్లలు తమంతట తామే ఆపేస్తారు. ఒక్కోసారి మనమే ఆపమంటాం. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. కొత్తగా మొదలుపెడితే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మొదటి వారాల్లో, పాతికేళ్ళలోపు పిల్లల్ని మరీ దగ్గరగా కనిపెట్టి ఉండాలి, ఎందుకంటే కొందరిలో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అందుకని మందే వద్దనుకోకండి. డాక్టరుతో మాట్లాడుతూ ఉండండి.

ఇక పంపే ముందు ఏం చెయ్యాలి? ఇక్కడున్నవాళ్ళలో ఎంతమంది పొద్దున్నే పిల్లల్ని నిద్ర లేపుతున్నారు? చేతులెత్తండి. ఎత్తండి, పర్వాలేదు. చూశారా, సగం పైనే. పదిహేడేళ్ళవాణ్ణి రోజూ మనం లేపి, ఒకానొక సోమవారం నుంచి వాడంతట వాడే లేవాలంటే ఎలా లేస్తాడు? ఆ వయసులో శరీరంలోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, నిద్ర రాత్రి బాగా పొద్దుపోయాక గానీ రాదు. ఒళ్ళు బద్ధకం ఒక్కటే కారణం కాదన్నమాట. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళవాళ్ళకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. మొదటి ఏడాది పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను మొట్టమొదట అడిగేది నిద్ర గురించే. మనసు సంగతి తర్వాత. నాలుగు గంటలు పడుకున్నవాడికి ఏ సమస్యైనా కొండలా కనిపిస్తుంది.

అందుకని వెళ్ళడానికి ఇంకా టైముండగానే పనులు వదిలిపెట్టడం మొదలుపెట్టండి. లేవడం వాళ్ళ పని. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవడం వాళ్ళ పని. లోపలికి వెళ్ళి ‘నాకు ఇక్కడ నొప్పి’ అని చెప్పుకోవడం కూడా వాళ్ళ పనే. మన పిల్లలు డాక్టరు ఎదురుగా కూర్చుని మన మొహం చూస్తారు, గమనించారా? ఎక్కడ నొప్పో మనం చెబుతాం! రేపు మనసులో నొప్పి వచ్చినప్పుడు, ముక్కూమొహం తెలియని కౌన్సెలర్ ముందు కూర్చుని తనంతట తాను ఎలా చెప్పుకుంటాడు? అలవాటుండాలిగా. నాలుగుసార్లు ఆలస్యమవుతాడు, ఒకసారి బస్సు తప్పిపోతుంది. తప్పనివ్వండి. మీరు పక్కన ఉండగానే తప్పనివ్వండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఊళ్ళో పిల్లలందరికీ కౌన్సెలింగ్ చేసేదాన్ని కదా, మా అబ్బాయి కాలేజీకి వెళ్ళిన మూడో వారం ఫోను చేశాడు. రాత్రి పదకొండు దాటింది. ‘అమ్మా, నాకీ కోర్సు పడదనిపిస్తోంది. క్లాసులో ఏం చెబుతున్నారో అర్థం కావట్లేదు. అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు’ అన్నాడు. నేనేం చేశానో తెలుసా? టేబుల్ మీద కాగితం లాక్కుని పెన్ను తీశాను. ఒకటి, సీనియర్ని అడగమనాలి. రెండు, ట్యూషన్ కనుక్కోవాలి. మూడు, వాళ్ళ మేడమ్‌కి నేనే ఒకసారి రాయాలి. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, నేను రాస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆగి, ‘అమ్మా, రాసుకుంటున్నావా?’ అన్నాడు. కాగితం మీద పెన్ను చప్పుడు వాడికి వినిపించింది. ‘లేదు నాన్నా, చెప్పు’ అన్నాను. ‘ఏం లేదులే. బానే ఉన్నాలే’ అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు మావాడు బానే ఉన్నాడు. రోజూ బానే ఉన్నాడు. ఒక పేపరు తప్పాడన్న సంగతి సెలవులకి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

ఏం తప్పు చేశాను నేను? తిట్టలేదు. ఫీజు గుర్తు చెయ్యలేదు. నేను ముందే చెప్పాను కదా అనలేదు. సాయమే చెయ్యబోయాను కదా! కానీ వాడు చెప్పింది వినకముందే దాన్ని సరిచెయ్యడానికి కూర్చున్నాను. వాడికి వినిపించింది ఏమిటి? నేను నోరు విప్పితే అమ్మకి ఒక పని తగులుతుంది, అమ్మ కంగారు పడుతుంది, తెల్లారేసరికి మా మేడమ్‌కి ఉత్తరం వెళుతుంది. అంతకంటే బానే ఉన్నా అనడం తేలిక కదా.

పిల్లలు పెద్ద సంగతి ముందు చెప్పరండీ. చిన్నది వదిలి చూస్తారు. ‘ఇక్కడ రూమ్మేట్ అదోలా ఉంటాడు’ అంటారు. ‘తలనొప్పిగా ఉంది, ఇవాళ క్లాసుకి వెళ్ళలేదు’ అంటారు. అది పరీక్ష. వాళ్ళకి కాదు, మనకి. దానికి మనం ఎలా ఉలిక్కిపడతామో చూసి, వెనకాల ఉన్న పెద్దది చెప్పాలా వద్దా తేల్చుకుంటారు.

మరి ఏం చెయ్యాలి? ‘అయ్యో, అలాగా. ఎప్పట్నుంచి?’ అనండి. ఆ తర్వాత ఊరుకోండి. ఊరుకోవడం చాలా కష్టం, నాకు తెలుసు. ఫోనులో నాలుగు సెకన్లు నిశ్శబ్దం ఉంటే మనకి నాలుగు నిమిషాల్లా ఉంటుంది. ఉండనివ్వండి. వాళ్ళు చెప్పడం అయ్యాక, ‘ఇప్పుడు నన్ను వినమంటావా, ఏదైనా చెప్పమంటావా?’ అని అడగండి. ఇప్పుడు మావాణ్ణి నేను అలాగే అడుగుతాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు ‘ఊరికే విను’ అంటాడు. పెన్ను ముట్టుకోను.

జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పసిపిల్లలకీ తల్లికీ ఉండే బంధం గురించి చాలా పనిచేశారు. ఐన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లల్ని తల్లితో సహా కొత్త గదిలో కూర్చోబెట్టి గమనించేది. బొమ్మలుంటాయి. పిల్ల పాక్కుంటూ బొమ్మ దాకా వెళుతుంది, మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. అమ్మ ఉందా? ఉంది. ఇంకో నాలుగు బారలు ముందుకి. అమ్మ అక్కడ ఉండటం వల్లే ముందుకి వెళ్ళగలుగుతోందన్నమాట. లేచి వెళ్ళి బొమ్మ అందించనక్కర్లేదు, తిరిగి చూసినప్పుడు మొహం కనిపిస్తే చాలు. పద్దెనిమిదేళ్ళవాడు రాత్రి పదకొండుకి ఫోను చెయ్యడం కూడా వెనక్కి తిరిగి చూడటమేనండీ. నేనేమో పరిగెత్తుకెళ్ళి బొమ్మ లాక్కున్నాను!

మొదటి వారాల సంగతి. ఇంటి మీద బెంగ అందరికీ ఉంటుంది. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు, అంతే తేడా. అది అలలా వస్తుంది. పొద్దున్న బావుంటుంది, సాయంత్రం గుబులు. సెలవురోజు మరీను. సరిగ్గా ఆ అల మీద ఉన్నప్పుడే ఫోను చేస్తారు, మాట్లాడాక తేలికపడి నిద్రపోతారు. మనకి మాత్రం తెల్లవార్లూ నిద్ర ఉండదు! వెంటనే బయల్దేరి వెళ్ళి తీసుకొచ్చెయ్యాలనిపిస్తుంది. ఆగండి. ‘నీకు బెంగగా ఉంది, ఉంటుంది, నాకూ ఉంది. ఇవాళ ఒక్కరోజు గడిపేద్దాం, రేపు మళ్ళీ మాట్లాడుకుందాం’ అంటే చాలు చాలాసార్లు.

ఇంకోటి. ‘అందరూ కలిసిపోయారు, నేనొక్కదాన్నే ఇక్కడికి తగను’ అన్న ఆలోచన. ఇది బెంగ కన్నా చెడ్డది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో మొదటి ఏడాది విద్యార్థులతో ఒక పని చేయించారు, 2011లో ప్రచురించారు. ఏం లేదు, ఒక గంట పని. ‘మాకూ మొదట్లో ఇక్కడ ఇమడలేమనిపించింది, తర్వాత అది పోయింది’ అని సీనియర్లు చెప్పిన మాటలు చదివించారు. దాని గురించి నాలుగు ముక్కలు రాయించి, కెమెరా ముందు చెప్పించారు. అంతే. ఆ తర్వాత మూడేళ్ళు గమనిస్తే, ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థుల మార్కులు, అది చెయ్యని నల్లజాతి విద్యార్థులకన్నా మెరుగ్గా ఉన్నాయి. ఎవరికి ‘ఇక్కడ నేను తగనేమో’ అన్న అనుమానం ఎక్కువుండేదో వాళ్ళకే ఎక్కువ ఉపయోగపడింది. కాబట్టి ‘నువ్వు తెలివైనదానివి, నీకేం తక్కువ’ అని పొగడకండి. మీరు కొత్త ఉద్యోగంలోనో, కొత్త ఊళ్ళోనో దిక్కుతోచక తిరిగిన రోజులుంటాయి కదా, అవి చెప్పండి. మన పిల్లలకి మన గెలుపులే తెలుసు. ఎన్నిసార్లు చెప్పామో వాటిని!

ఎవరిదో ఫోను మోగుతోంది. ఎత్తండి, పర్వాలేదు, మీ అబ్బాయేమో. బయటికి వెళ్ళి మాట్లాడి రండి. ఇవాళ ఇక్కడ దానికి మాత్రం పూర్తి అనుమతి ఉంది.

ఇప్పుడు కొంచెం బరువైన విషయం. బెంగ ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? బెంగ ఉన్న పిల్ల ఒక గంట ఏడ్చి, తర్వాత స్నేహితురాలితో నవ్వుతుంది. మధ్యమధ్యలో తెరిపి ఉంటుంది. అలా కాకుండా దాదాపు రోజంతా, రెండు వారాలకి తగ్గకుండా దిగులుగానే ఉంటే, దేని మీదా ఇష్టం లేకపోతే, నిద్రా ఆకలీ తారుమారైతే, గది దాటి రాకపోతే, అది ఓదార్పుతో పోయేది కాదు. డాక్టరుకి చూపించాలి. దూరాన ఉన్నాం, ఎలా తెలుస్తుంది అంటారా? ఫోనులో జవాబులు కుదించుకుపోతాయి. రాత్రి మూడింటికి మెసేజ్ వస్తుంది. కబుర్లలో మనుషుల పేర్లు తగ్గిపోతాయి. ఇది నేను బాగా గమనించాను. బాగున్న పిల్లల మాటల్లో కొత్త కొత్త పేర్లు వస్తుంటాయి, వాళ్ళెవరో మనకి తెలియకపోయినా సరే. ఒక్క పేరూ రాకపోతే అనుమానించండి.

‘నేను లేకపోతే మీకే నయం’, ‘ఇదంతా ఎందుకు, అయిపోతే బావుణ్ణు’ లాంటి మాట ఏదైనా వస్తే, దయచేసి ‘ఛ, అవేం మాటలు’ అని నోరు మూయించకండి. సూటిగా అడగండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా కన్నా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అందరికీ భయం. అవ్వదు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. చాలామందికి, ఎవరో అడిగారు అన్న ఊరట కలుగుతుంది. అవును అంటే? ఫోను పెట్టకండి. ఇంకో ఫోను నుంచి అక్కడ దగ్గర్లో ఉన్నవాళ్ళని పిలిచి, మనిషి పక్కకి మనిషి చేరేదాకా మాట్లాడుతూనే ఉండండి. ఒంటరిగా వదలొద్దు. ప్రమాదం అనిపించేదేదీ చేతికి అందేంత దగ్గర ఉంచొద్దు. తెల్లారాక చూద్దాం అనకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకే, వాళ్ళ రూమ్మేట్‌దో, హాస్టల్లో బాధ్యత చూసేవాళ్ళదో ఒక నంబరు మీ దగ్గర ఉండాలి. కాలేజీలో కౌన్సెలింగ్ గది ఎక్కడుందో చేర్పించే రోజే మీ పిల్లతో కలిసి వెళ్ళి చూడండి. లైబ్రరీ చూస్తాం, క్యాంటీన్ చూస్తాం, అదీ చూడాలి.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండితే, చాలా దేశాల్లో, పిల్లల ఒప్పుకోలు లేకుండా డాక్టరు మీకు వివరాలు చెప్పరు. నేనూ చెప్పను. మీరు ఫోను చేసి ‘నేను తల్లినండీ’ అన్నా చెప్పను. కోపం తెచ్చుకోకండి. అక్కడ చెప్పింది అక్కడే ఉంటుందన్న నమ్మకం మీదే వాళ్ళు నోరు విప్పుతారు. అవసరమైతే ఏ విషయాలు, ఎవరికి చెప్పొచ్చో వెళ్ళకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇక మన సంగతి. ఇల్లు బోసిపోతుంది. కంచం ఒకటి తక్కువ పెడతాం, చెయ్యి అలవాటుగా ఇంకోటి తీస్తుంది. ఏడుపొస్తుంది. ఏడవండి. కానీ వాళ్ళ ముందు రోజూ ‘నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు, మీ నాన్న సరిగ్గా మాట్లాడట్లేదు’ అంటే, ఆ పిల్ల తన దిగులుతో పాటు మీ దిగులు కూడా మొయ్యాలి. ఒకబ్బాయి నాతో అన్నాడు, ‘మా అమ్మతో మాట్లాడాక ఆవిణ్ణి నేను ఓదార్చాలి మేడమ్, అందుకే రోజు విడిచి రోజు చేస్తాను’ అని. మీ దిగులు మీ అక్కతోనో, చెల్లెలితోనో, స్నేహితురాలితోనో చెప్పుకోండి. మరీ ఎక్కువైతే మీరూ కౌన్సెలర్ దగ్గరికి రండి. నాన్నలు కూడా రావొచ్చు. ఇవాళ వెనక వరుసల్లో బాగానే ఉన్నారు, సంతోషం.

చీటీలు చాలా వచ్చాయి. మిగతావి విరామం తర్వాత చూద్దాం గానీ, ఒకటి ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే నాలుగు చీటీల్లో అదే ప్రశ్న ఉంది. ‘పిల్లల ఫోను వాళ్ళకి తెలియకుండా చూడొచ్చా?’ వద్దండీ. ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. తెలిశాక రెండో ఫోను కొంటారు, లేదా స్నేహితుడి ఫోను వాడతారు. ప్రాణం మీదికి వచ్చిందని గట్టిగా అనిపిస్తే చూడండి, కాదనను. అప్పుడు కూడా ‘భయమేసి చూశాను’ అని వాళ్ళకి చెప్పెయ్యండి. కోప్పడతారు. కోప్పడనివ్వండి. కోప్పడే పిల్ల మనతో ఇంకా మాట్లాడుతున్నట్టే లెక్క.

ఇందాక ఫోను పట్టుకుని బయటికి వెళ్ళిన ఆయన ఇంకా రాలేదు. ఆయన కుర్చీ అలాగే ఉంచండి. పది నిమిషాలు విరామం.